తెలంగాణ సాయుధ పోరాటం: సమర్థన, ఫలనిర్ణయాల్లో పక్షభేదాలు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఎప్పుడు ముగిసింది అన్న ప్రశ్నకు చరిత్ర గ్రంథాలు ఒకే సమాధానం చెప్పవు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోవడంతో పోరాట లక్ష్యం నెరవేరిందని కొందరు రాశారు. 1951 అక్టోబరు 21న వెలువడిన విరమణ ప్రకటనతో అది ముగిసిందని మరికొందరు రాశారు. 1952 నాటి సార్వత్రిక ఎన్నికల ఫలితాలనే దాని ముగింపు ఘట్టంగా భావించినవారూ ఉన్నారు. విరమణను విద్రోహంగా పరిగణించినవారి దృష్టిలో పోరాటం ముగియలేదు, మధ్యలో ఆపివేయబడింది. పైకి ఇది తేదీలకు సంబంధించిన స్వల్పభేదంగా కనిపిస్తుంది. కాని పోరాటం న్యాయమా అన్యాయమా, సఫలమా విఫలమా అన్న పెద్ద వివాదాలన్నీ ఈ తేదీల ఎంపికలోనే ఇమిడి ఉన్నాయి.

ఏ యుద్ధాన్ని గురించి అయినా రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. ఆయుధం పట్టడం న్యాయమేనా అన్నది మొదటిది. పట్టినందువల్ల ఏమి దక్కింది, ఏమి పోయింది అన్నది రెండవది. మొదటిదానికి ఆధారాలు యుద్ధానికి పూర్వమున్న పరిస్థితిలోను, రెండవదానికి ఆధారాలు తదనంతర పరిణామాల్లోను దొరుకుతాయి. ఈ రెండింటినీ వేరువేరుగా తూచవలసి ఉండగా, తెలంగాణ పోరాటంపై వెలువడిన రచనల్లో అవి తరచు ఒకే తీర్పుగా కలిసిపోయాయి. పోరాటం న్యాయమైనదని నమ్మినవారు వచ్చిన ప్రతి మేలునూ దాని ఖాతాలో వేశారు. అన్యాయమని నమ్మినవారు జరిగిన ప్రతి నష్టాన్నీ దానికే అంటగట్టారు. ఈ కలయిక ఎలా జరిగిందో, దానివల్ల ఏ సాక్ష్యం మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

పక్షభేదాలకు అతీతంగా అందరూ అంగీకరించే కొన్ని విషయాలున్నాయి. హైదరాబాద్ సంస్థానంలోని తెలంగాణ జిల్లాల్లో భూమి, గ్రామాధికారం దేశ్‌ముఖుల, దొరల, పటేల్-పట్వారీల చేతుల్లో కేంద్రీకృతమై ఉండేది. వెట్టిచాకిరీ ఒక్క కులానికో వృత్తికో పరిమితం కాలేదు. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ మొదలైన వృత్తికులాలవారి శ్రమతో పాటు రైతు నాగలి, బండి, ఎడ్లు కూడా గడి పిలుపుకు లోబడి ఉండేవి. యుద్ధకాలంలో విధించిన ధాన్యపు లెవీ ఈ భారాన్ని మరింత పెంచింది.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి సమావేశమైన ఆంధ్ర మహాసభ భాషాసంస్కృతుల రక్షణకూ, పరిమితమైన సంస్కరణలకూ కృషిచేసింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభ నాటికి అది వామపక్ష నాయకత్వంలోకి వచ్చి గ్రామాల్లో ‘సంఘం’గా స్థిరపడింది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మనుషులు స్వాధీనం చేసుకోబోగా సంఘం అడ్డుకున్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి కాల్పుల్లో మరణించాడు. ఆ తరువాత ఊరేగింపులు ఊరూరా వ్యాపించాయి. గుత్పలు, వడిసెలలు పట్టిన జనం గడుల ముందుకు వచ్చారు.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సంయుక్త ప్రకటన ద్వారా సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పిలుపు వెలువడేనాటికే గ్రామాల్లో ప్రతిఘటన మొదలై ఏడాది దాటింది. అందువల్ల పోరాటం ‘ఆరంభం’ కూడా వివాదాస్పదమే. పిలుపును ఆరంభంగా తీసుకుంటే అది పార్టీ నిర్ణయం. కడవెండిని ఆరంభంగా తీసుకుంటే అది రైతుల ఆత్మరక్షణ. పార్టీని నిందించదలచినవారు మొదటి తేదీనీ, పోరాటాన్ని సమర్థించదలచినవారు రెండవ తేదీనీ ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు.

తొలిదశ సమర్థన

1948 సెప్టెంబరుకు పూర్వపు దశ విషయంలో పక్షాల మధ్య అంతరం అనుకున్నంత పెద్దది కాదు. హింస స్వతస్సిద్ధంగా దోషమన్న సూత్రం ఆధారంగా కమ్యూనిస్టులను తప్పుపట్టడానికి హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు అవకాశం తక్కువ. 1947-48లో స్టేట్ కాంగ్రెస్ కూడా సంస్థాన సరిహద్దుల వెంట శిబిరాలు నెలకొల్పి, కరోడ్‌గిరీ నాకాల మీదా, రజాకార్ల మీదా సాయుధ దాడులు నడిపింది. కాబట్టి ఆ దశలో వివాదం ఆయుధం గురించి కాదు. ఆయుధం ఎవరి చేతిలో, ఏ లక్ష్యంతో ఉండాలన్నదే వివాదం. సంస్థానం భారతదేశంలో చేరడం కాంగ్రెస్ లక్ష్యం. సంఘానికి దానితోపాటు భూమి కూడా లక్ష్యమే.

ఈ తేడా గ్రామాల్లో స్పష్టంగా బయటపడింది. గ్రామరాజ్య కమిటీలు వెట్టిని రద్దుచేసి, దొరల ఆక్రమణలో ఉన్న భూములను పంచాయి. భూమి గరిష్ఠ పరిమితిని మొదట 500 ఎకరాలుగా, తరువాత 200 ఎకరాలుగా, చివరకు 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరిగా నిర్ణయించాయి. తొలి పరిమితి అంత ఎక్కువగా ఉండటం గమనార్హం. చిన్న భూస్వాములను, సంపన్న రైతులను నిజాం వ్యతిరేక పోరాటంలో కలుపుకొని పోవాలన్న ఉద్దేశం అందులో ఉంది. పరిమితి తగ్గినకొద్దీ భూమి దక్కినవారి సంఖ్య పెరిగింది, మిత్రుల సంఖ్య తగ్గింది. తరువాతి వివాద బీజాలు ఇక్కడే ఉన్నాయి.

1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని ఎత్తివేసింది. కమ్యూనిస్టులు రజాకార్లతో కుమ్మక్కయ్యారని ప్రత్యర్థులు చేసిన ఆరోపణకు ఇది ప్రధానాధారం. అయితే నిషేధం తొలగిన తరువాత గ్రామాల్లో పోరు ఆగలేదు. అదే సంవత్సరం ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం సైన్యం కలిసి దాడిచేసినప్పుడు బురుజు ఎక్కి ఎదుర్కొన్నది ఊరి రక్షక దళమే. నగరంలో జారీ అయిన ఒక ఉత్తర్వును గ్రామంలో జరిగిన ఘటనతో సరిపోల్చకుండా చేసిన ఆరోపణ పక్షదృష్టికి ఒక నిదర్శనం. ఆ ఉత్తర్వు కలిగించిన గందరగోళాన్ని పూర్తిగా విస్మరించే పార్టీ రచనలూ అటువంటివే.

1948: శత్రువు మారిన సంవత్సరం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా అధికారం చేపట్టాడు. ఈ అయిదు రోజుల యుద్ధానికి పెట్టిన పేరే ఒక వాదం. దానిని ‘పోలీసు చర్య’ అన్నప్పుడు అది దేశాంతర్గత శాంతిభద్రతల సమస్య అవుతుంది. హైదరాబాద్ ప్రభుత్వం అప్పటికే తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తీసుకువెళ్లినందున ఈ నామకరణానికి న్యాయపరమైన అవసరం కూడా ఉంది. సంస్థాన ప్రధాని మీర్ లాయక్ అలీ తన ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ గ్రంథంలో ఈ చర్యను ఒక స్వతంత్ర రాజ్యంపై దురాక్రమణగా చిత్రించాడు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాద్‌లో పనిచేసిన కె.ఎం. మున్షీ ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’లో దానిని అనివార్యమైన కర్తవ్యంగా వివరించాడు. ఇద్దరూ 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒప్పందాన్నే సాక్ష్యంగా చూపారు. అది ఉల్లంఘితమైందని ఇద్దరూ అంగీకరించారు. ఉల్లంఘించింది ఎవరన్న దగ్గర విడిపోయారు.

ఈ రెండు కథనాల్లోనూ చోటు దొరకని సాక్ష్యం ఒకటి ఉంది. సైనిక చర్య సమయంలోను, ఆ తరువాతి వారాల్లోను ముస్లిములపై జరిగిన దాడులను విచారించడానికి పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌తో కూడిన బృందాన్ని కేంద్ర ప్రభుత్వం పంపింది. మృతుల సంఖ్య కనీసం 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని ఆ బృందం అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అత్యధికంగా నష్టపోయాయని పేర్కొన్నది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రచురణకు నోచుకోలేదు. రజాకార్ల అత్యాచారాలను వివరంగా నమోదుచేసిన గ్రంథాల్లో ఈ మరణాలకు ఒకటి రెండు వాక్యాలు దక్కడం, ఈ మరణాలను వివరించే గ్రంథాల్లో రజాకార్ల దాడులు క్లుప్తమవడం పరిపాటి. యుద్ధం న్యాయమైనదైతే దాని వెంట జరిగిన హత్యాకాండ చెప్పదగినది కాదన్న భావన ఒకవైపున, హత్యాకాండ జరిగింది కాబట్టి యుద్ధమే అన్యాయమన్న భావన మరొకవైపున పనిచేశాయి. నిజాం పాలన అంతం కావలసిందేనని ఒప్పుకొంటూనే ఆ మరణాలకు పాలకులను జవాబుదారులుగా నిలపడం సాధ్యమన్న మూడవ వైఖరికి రెండు పక్షాలూ తావివ్వలేదు.

కొనసాగింపుపై వివాదం

సైన్యం ప్రవేశించిన తరువాత పోరాటాన్ని కొనసాగించడం సరైనదేనా? తెలంగాణ చరిత్రరచనలో అత్యంత తీవ్రమైన వివాదం ఇదే. అది కాంగ్రెస్, కమ్యూనిస్టుల మధ్య కంటె కమ్యూనిస్టుల మధ్యనే ఎక్కువ లోతుగా సాగింది.

ఈ వివాదానికి జాతీయ నేపథ్యం ఉంది. 1948 ఫిబ్రవరి-మార్చిలో కలకత్తాలో జరిగిన పార్టీ రెండవ మహాసభ పి.సి. జోషీ స్థానంలో బి.టి. రణదివేను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకొని, నెహ్రూ ప్రభుత్వంపై ప్రత్యక్ష పోరాట మార్గాన్ని చేపట్టింది. ఆంధ్ర నాయకత్వం చైనా అనుభవాన్ని ఆధారం చేసుకొని దీర్ఘకాల రైతాంగ పోరాటాన్ని ప్రతిపాదించింది. 1950లో నాయకత్వం మారి చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1951 ఆరంభంలో నలుగురు నాయకుల బృందం మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసింది. ఆ సంవత్సరం అజయ్ ఘోష్ నాయకత్వంలో పార్టీ కొత్త కార్యక్రమాన్ని ఆమోదించి, అక్టోబరులో విరమణ ప్రకటించింది. మూడేళ్లలో పార్టీ మార్గం ఇన్నిసార్లు మారిందన్న విషయం గుర్తుంచుకోకుండా తరువాతి జ్ఞాపక రచనలను చదవరాదు.

రావి నారాయణరెడ్డి విమర్శ పోరాటం సాగుతున్న కాలంలోనే మొదలైంది. 1970ల ఆరంభంలో వెలువడిన ఆయన స్వీయానుభవ గ్రంథంలో అది సమగ్రరూపం దాల్చింది. నిజాం పాలన అంతమే ప్రజలను విశాలంగా ఏకం చేసిన లక్ష్యమనీ, అది నెరవేరిన తరువాత భారత సైన్యాన్ని శత్రుసైన్యంగా ప్రజలు చూడలేదనీ, మధ్యతరగతి, సంపన్న రైతాంగం దూరమైన స్థితిలో ఆయుధం కొనసాగించడం పొరపాటనీ ఆయన వాదన. ఈ వాదనలో న్యాయనిర్ణయానికి కొలబద్ద ప్రజామద్దతు. మద్దతు ఉన్నంతవరకు పోరాటం న్యాయం; అది సన్నగిల్లినప్పుడు కాదు.

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ఆంగ్లంలో ప్రచురించిన గ్రంథం ఇదే ప్రశ్నకు భిన్నమైన కొలబద్దతో సమాధానమిస్తుంది. సైన్యం వెంట దొరలు గడులకు తిరిగి వచ్చారనీ, పంచిన భూములను లాక్కోవడానికి ప్రయత్నించారనీ, ఆ స్థితిలో ఆయుధాలు అప్పగించడమంటే రైతులను వారి చేతుల్లో పెట్టడమేననీ ఆయన వాదించాడు. ఇక్కడ కొలబద్ద భూమి. శత్రువు నిజాం కాదు, భూస్వామి. పాలకుడు మారినా భూస్వామి మారలేదు కాబట్టి పోరాట కారణం కూడా మారలేదు. అయితే ఆయన విరమణను తప్పు పట్టలేదు. రైతు సాధించుకున్న దానిని కాపాడుకోవడానికి జరిగిన పాక్షిక పోరాటమే గాని ప్రభుత్వాన్ని కూలదోసే విముక్తి యుద్ధం కాదని నిర్వచించి, పోరాటాన్ని, విరమణను రెండింటినీ సమర్థించాడు.

నల్లగొండ, వరంగల్ ప్రాంతాల్లో నాయకత్వం వహించి, 1968లో మార్క్సిస్టు పార్టీ నుంచి వైదొలగిన దేవులపల్లి వెంకటేశ్వరరావు మూడవ వైఖరికి ప్రతినిధి. ఆయన దృష్టిలో అది రాజ్యాధికారం కోసం సాగవలసిన దీర్ఘకాలిక పోరాటం. అడవి ప్రాంతాలకు విస్తరించిన దశలో విరమించడం నాయకత్వం చేసిన విద్రోహం. ఇక్కడ కొలబద్ద రాజ్యాధికారం.

ముగ్గురూ ప్రత్యక్ష భాగస్వాములే. ముగ్గురి వద్దా ఉన్న ఘటనల జాబితా దాదాపు ఒకటే. అయినా తీర్పులు మూడు. ఈ భేదానికి కారణం 1964 నాటి పార్టీ చీలిక, 1968 నాటి మరో చీలిక మాత్రమేనని సరిపెట్టుకోవడం సులభం. ఆ చీలికల తరువాతే ఈ గ్రంథాలు వెలువడ్డాయన్నదీ, ప్రతి గ్రంథమూ తన పార్టీ వర్తమాన మార్గానికి గతంలో ఆధారం చూపిందన్నదీ నిజమే. కాని అంతకంటె మౌలికమైన కారణం మరొకటి ఉంది. వారు ఒకే యుద్ధాన్ని గురించి రాయలేదు. ఒకరు నిజాంతో జరిగిన యుద్ధాన్ని గురించి, ఒకరు దొరతో జరిగిన యుద్ధాన్ని గురించి, ఇంకొకరు రాజ్యంతో జరిగిన యుద్ధాన్ని గురించి రాశారు. మొదటిది 1948లో ముగిసింది. రెండవది 1951 వరకు సాగి ఎన్నికల రంగంలోకి మారింది. మూడవది ఇంకా మిగిలి ఉంది. ముగింపు తేదీ భేదాలకు మూలం ఇదే.

ఫలితాల లెక్క

ఫలితాల విషయంలో తరచు ఉటంకితమయ్యే అంకెలు సుందరయ్య గ్రంథంలోనివి. సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయిందని, 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు ప్రాణాలు కోల్పోయారని, 10,000 మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారని ఆయన నమోదు చేశాడు. ఇవి పోరాట పక్షం సంకలనం చేసిన లెక్కలు. కాంగ్రెస్, ప్రభుత్వ పక్షాల రచనలు దళాల చేతిలో మరణించినవారిని ప్రముఖంగా చూపాయి. ఒకరి జాబితాలో అమరుడైనవాడు మరొకరి జాబితాలో హంతకుడయ్యాడు. ఒకరి జాబితాలో ప్రజాశత్రువుగా శిక్ష పొందినవాడు మరొకరి జాబితాలో హతుడైన గ్రామస్థుడయ్యాడు. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి గ్రామాలవారీగా సరిచూసినప్పుడే ఏ నిర్ణయానికైనా రావడం సాధ్యం.

శాసనాల విషయంలో కార్యకారణ సంబంధమే వివాదం. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వెలువడింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి ‘రక్షిత కౌలుదారు’ అన్న హోదాకు బలం చేకూర్చింది. ఇవి కొత్త ప్రభుత్వ సంస్కరణాభిలాషకు నిదర్శనాలని కాంగ్రెస్ పక్షం, సాయుధ రైతుల భయంతో చేసినవని కమ్యూనిస్టు పక్షం పేర్కొన్నాయి. జాగీరు విధానం సంస్థానమంతటా, అంటే పోరాటం లేని మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో కూడా రద్దయింది. కాబట్టి పోరాటమే ఏకైక కారణమనడం కుదరదు. అలాగే నల్లగొండ, వరంగల్‌లలో భూమి ప్రశ్న రగులుతున్న సంవత్సరాల్లోనే ఈ శాసనాలు వెలువడటాన్ని యాదృచ్ఛికమని కొట్టివేయడమూ కుదరదు.

శాసనం వచ్చిన తరువాత ఏమైందన్నది మరింత ముఖ్యం. 1958లో ఎ.ఎం. ఖుస్రో హైదరాబాద్ భూసంస్కరణలపై ప్రచురించిన అధ్యయనం చాలామంది రక్షిత కౌలుదారులు బేదఖళ్ల వల్లా, స్వచ్ఛందమని పేరు పెట్టిన వదులుకోళ్ల వల్లా హక్కు కోల్పోయారని చూపింది. చట్టం ఎవరి విజయమైనా, దాని అమలు వైఫల్యానికి మాత్రం ఏ పక్షమూ బాధ్యత వహించలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చి వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికిన ఘటన కూడా ఇటువంటిదే. సాయుధ మార్గానికి అది అహింసా ప్రత్యామ్నాయమని ఒక పక్షం చెప్పగా, ఆ పోరాటం లేకుంటే ఆ దానమే లేదని మరొక పక్షం చెప్పింది.

ఒకే సాక్ష్యం రెండు విరుద్ధమైన తీర్పులకు ఆధారమైన తీరు 1952 ఎన్నికల వివరణల్లో పరాకాష్ఠకు చేరింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టులు ప్రజాస్వామిక ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) పేరుతో పోటీచేసి శాసనసభలో 42 స్థానాలు గెలిచారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలిచిన రావి నారాయణరెడ్డికి జవహర్‌లాల్ నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు లభించాయి. ప్రజలు ఆయుధానికి గాక ఓటుకే మొగ్గుచూపారని ఒకరు, పోరాడినవారికే ఓటు వేశారని మరొకరు దీనిని వ్యాఖ్యానించారు. కొనసాగింపును విమర్శించిన నాయకుడికే ఆ ఆధిక్యం రావడం మొదటి వ్యాఖ్యకు బలం. పోరాటం ఉధృతంగా సాగిన జిల్లాలోనే ఆ ఆధిక్యం రావడం రెండవదానికి బలం. ఓటరు ఈ రెంటిలో దేనికి ఓటు వేశాడో ఓట్ల లెక్క చెప్పదు. 1947కు ముందు చేసిన పనికి కృతజ్ఞత, 1948 తరువాతి సైనిక శిబిరాల పట్ల ఆగ్రహం, ఇక శాంతి కావాలన్న కోరిక మూడూ ఒకే ఓటులో ఉండవచ్చు.

సాహిత్యంలో ముగింపులు

ఈ కాలావధి ప్రశ్న సృజనాత్మక సాహిత్యంలోనూ కనిపిస్తుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన ‘మా భూమి’ నాటకం పోరాటం మధ్యలో పుట్టింది. ఫలితాన్ని తూచే అవకాశమూ, అవసరమూ దానికి లేవు. న్యాయనిర్ణయమే దాని పని. ఆవంత్స సోమసుందర్ ‘వజ్రాయుధం’ 1949లో, పోరాటం భారత సైన్యాన్ని ఎదుర్కొంటున్న దశలో వెలువడి నిషేధానికి గురైంది. కుందుర్తి ‘తెలంగాణ’ కావ్యం 1956 నాటికి గాని రాలేదు. విరమణ, ఎన్నికలు రెండూ అప్పటికే గతమయ్యాయి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో పోలీసు చర్యను కథాంతంగా గాక మలుపుగా గ్రహించాడు. నిజాం పోయిన తరువాతి గ్రామాన్ని చిత్రించడానికి ఒక పూర్తి నవలను కేటాయించడం గమనించదగిన నిర్ణయం. పాలన మారితే జీవితం ఎంత మారింది అన్న ప్రశ్నకు చరిత్రకారుల కంటె నవలాకారుడు ఎక్కువ చోటిచ్చాడు. తెలంగాణ సాహిత్యాన్ని ‘పోరాట సాహిత్యం’ అన్న ఒకే శీర్షిక కింద చేర్చే విమర్శకులు, ఏ రచన ఏ తేదీ వద్ద నిలబడి మాట్లాడుతున్నదో విడదీసి చూపవలసి ఉంది.

పక్షాలకు వెలుపలి సాక్ష్యం

నాయకుల గ్రంథాలకు భిన్నమైన సాక్ష్యాన్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అందించింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంకలనమిది. మల్లు స్వరాజ్యం వంటి ప్రసిద్ధ నాయకురాలి నుంచి, అడవి దళంలో ఉండి పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ వరకు అనేకులు ఇందులో మాట్లాడారు.

ఈ కథనాల విశిష్టత వాటి తీర్పులో లేదు, తీర్పు చెప్పే తీరులో ఉంది. తమ జీవితంలో అత్యంత అర్థవంతమైన సంవత్సరాలు అవేనని చెప్పిన స్త్రీలే, విరమణ తరువాత తమను ఇంటికి పొమ్మన్న పార్టీ పట్ల ఆవేదన వ్యక్తం చేశారు. పోరాటం న్యాయమైనదన్న విశ్వాసం వారికి నష్టాన్ని దాచవలసిన అవసరం కలిగించలేదు. నష్టం చెప్పుకున్నంత మాత్రాన విశ్వాసం చెదరలేదు. పార్టీ గ్రంథాలు ఒకే వాక్యంలో బిగించిన రెండు ప్రశ్నలను వారు వేరువేరుగా ఉంచి మాట్లాడగలిగారు. ఎందుకు పోరాడామన్నది ఒక ప్రశ్న. ఏమి మిగిలిందన్నది మరొక ప్రశ్న. ఎవరికి మిగిలిందన్న మూడవ ప్రశ్నను కూడా వారే చేర్చారు. భూమి పంపిణీ లెక్కల్లో పట్టా ఎవరి పేర వచ్చిందన్న విచారణ నాయకుల గ్రంథాల్లో అరుదు.

ఈ సంకలనం కూడా పరిమితులకు అతీతం కాదు. ఘటనలు జరిగి మూడు దశాబ్దాలు దాటిన తరువాత చెప్పిన జ్ఞాపకాలివి. ప్రశ్నించినవారికి తమవైన ఉద్యమ దృక్పథం ఉంది. అయినా ఇక్కడ మాట్లాడినవారికి ఒక పార్టీ మార్గాన్ని నిరూపించవలసిన భారం లేదు. సుందర్‌లాల్ నివేదికకూ ఈ సంకలనానికీ ఉన్న పోలిక ఇదే. విజేతల కథకూ, పరాజితుల కథకూ సరిపోని మాటలను రెండూ నమోదు చేశాయి.

ముగింపు

సెప్టెంబరు 17కు నేటికీ ఒకే పేరు స్థిరపడలేదు. విమోచనం, విలీనం, విద్రోహం, సమైక్యత అన్న పేర్లు ఒక్కొక్క పక్షం చేతిలో ఒక్కొక్కటి ఉన్నాయి. ‘విమోచనం’ అన్నవారికి యుద్ధం ఆనాడే సఫలమై ముగిసింది. ‘విద్రోహం’ అన్నవారికి ఆనాడే కొత్త యుద్ధం మొదలైంది. ‘విలీనం’ అన్న పేరు యుద్ధాన్నే పక్కనపెట్టి రాజ్యాంగ పరిణామాన్ని ముందుకు తెస్తుంది. ‘సమైక్యత’ అన్నది గతాన్ని గురించిన మాట కంటె వర్తమానానికి సంబంధించిన ఆకాంక్ష. ఈ పేర్లలో ఒకదానిని నిజమని, మిగిలినవి అబద్ధమని తేల్చడం పరిశోధకుని పని కాదు. ప్రతి పేరూ ఏ తేదీని ముగింపుగా, ఎవరిని శత్రువుగా, దేనిని కొలబద్దగా స్వీకరిస్తున్నదో విప్పిచూపడం మాత్రం అతని బాధ్యత.

అలా విప్పిచూసినప్పుడు కొన్ని నిర్ణయాలు సాధ్యమవుతాయి. వెట్టికి, గడి దౌర్జన్యానికి, రజాకార్ల దాడులకు వ్యతిరేకంగా 1946-48 మధ్య జరిగిన ప్రతిఘటన న్యాయమైనదని చెప్పడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. పరస్పర విరుద్ధమైన పక్షాల రచనలు కూడా ఆ మేరకు ఏకీభవిస్తున్నాయి. 1948 తరువాతి దశలో రైతుకు భూమిని కాపాడుకొనే కారణం మిగిలి ఉన్నదన్నదీ, దానికి తోడు నిలిచే విశాల ప్రజామద్దతు తగ్గిందన్నదీ రెండూ నిజమే. రావి నారాయణరెడ్డి, సుందరయ్య చెప్పినవి ఒకదానినొకటి కొట్టివేసే సత్యాలు కావు. కారణం న్యాయమైనా మార్గం నిలవని స్థితి అది. దాని మూల్యాన్ని నాయకత్వం కంటె దళ సభ్యులు, వారికి అన్నం పెట్టిన పల్లెలు, సైన్యం తరలించిన కోయగూడేలు ఎక్కువగా చెల్లించాయి.

ఫలితాల విషయంలో వెట్టి నిర్మూలన స్థిరమైన లాభం. భూమి విషయంలో లాభం పాక్షికం, అస్థిరం. ప్రాణనష్టం విషయంలో మాత్రం ఏ పక్షమూ ఇంతవరకు అన్ని మరణాలనూ ఒకే జాబితాలో చేర్చలేదు. కడవెండి, బైరాన్‌పల్లి మృతులు, దళాల చేతిలో చనిపోయినవారు, సైనిక శిబిరాల్లో చనిపోయినవారు, సుందర్‌లాల్ నివేదికలో అంకెలుగా మిగిలినవారు అందరూ ఒకే సంస్థానపు ప్రజలు. వారిని ఒకే పుటలో చేర్చిన చరిత్ర వచ్చిననాడే ఈ యుద్ధపు ఫలితాన్ని తూచడానికి తగిన త్రాసు సిద్ధమవుతుంది.